నీళ్లతో అంటించే నీడ

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడలో మిట్టమధ్యాహ్నం ఎండన నిలిపిన కారు తలుపు తీసిన వాళ్లకు ఆ మాటలో అతిశయోక్తి ఏమీ కనబడదు. సీటు బెల్టు బకిల్ తగిలితే చెయ్యి చురుక్కుమంటుంది. ఏసీ ఎంత పెంచినా కిటికీ వైపు భుజం మాడుతూనే ఉంటుంది. మా అమ్మ కారెక్కితే కొంగు తీసి ఆ భుజానికి అడ్డం పెట్టుకుంటుంది. అందుకే సన్ ఫిల్మ్ అంటే నాకు ఇష్టం. నలుపంటే మాత్రం కాదు.

ఎండలో ఉండే శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలదే. కాబట్టి ఫిల్మ్ ఎంత నల్లగా ఉంటే కారు అంత చల్లగా ఉంటుందన్న లెక్క తప్పు. రంగు అద్దిన చౌక ఫిల్మ్ వెలుతురును ఆపినంతగా వేడిని ఆపలేదు. కొన్నేళ్లకు ఊదారంగుకు తిరిగి, బుడగలు కూడా లేస్తాయి. మంచి సిరామిక్ ఫిల్మ్ అలా కాదు. బయటి మనిషికి లోపలి ముఖం స్పష్టంగా కనబడుతూనే ఉంటుంది, వేడి మాత్రం చాలావరకు తగ్గుతుంది.

ముఖం కనబడాలన్నదే చట్టం పట్టుదల కూడా. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది. నల్లద్దాల చాటున జరిగే నేరాలే అందుకు కారణం. తర్వాత మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధనను సవరించారు. ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌కు 2021 ఏప్రిల్ నుంచి చోటు దొరికింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్న కొలత మాత్రం మారలేదు. ఆ కొలతకు లోబడిన ఫిల్మ్‌కు జరిమానా వేయకూడదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే కేరళ తీర్పు మన రాష్ట్రాల పోలీసులకు తప్పనిసరి కాదు. తనిఖీలో ఆపితే చూపించడానికి ఫిల్మ్ బిల్లు, దాని శాతం రాసిన కాగితం కారులోనే ఉంచుకోవాలి.

ఇక అంటించే పని. ఇది పూర్తిగా నీళ్ల పని. స్ప్రే సీసాలో నీళ్లు పోసి నాలుగు చుక్కల బేబీ షాంపూ కలిపితే చాలు. ఫ్యాను కింద, దుమ్ము లేచే వాకిట్లో ఈ పనికి దిగకూడదు. తలుపు అద్దం లోపలి వైపు బాగా తడిపి, కొత్త బ్లేడుతో ఏటవాలుగా గీరితే కంటికి కనబడని జిగురు, మచ్చలు ఊడి వస్తాయి. రబ్బరు అంచుల్లో దాగిన మట్టిని కూడా తుడవాలి. అక్కడ మిగిలిన ఒక్క రేణువు ఫిల్మ్ కింద చేరితే ఎన్నాళ్లయినా మొటిమలా కనబడుతుంది. ఫిల్మ్‌ను మొదట అదే అద్దం బయటి వైపున పరిచి, కొలతకు కొయ్యాలి. కింద రబ్బరులోకి దిగడానికి కాస్త ఎక్కువ వదలాలి.

తర్వాతి ఘట్టం నాకు చాలా ఇష్టం. వెనక ఉన్న పారదర్శకమైన పొరను మెల్లగా ఒలుస్తూ, జిగురు బయటపడిన చోటల్లా నీళ్లు చల్లుతూ పోయి, తడిపిన అద్దం లోపలి వైపు పెట్టాలి. తడి ఉన్నంతసేపు ఫిల్మ్ మన మాట వింటుంది. అటూ ఇటూ జరుపుకోవచ్చు, లేపి మళ్లీ పెట్టుకోవచ్చు. సరిగ్గా కూర్చున్నాక రబ్బరు పలకతో మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టాలి. చేతి కింద నుంచి నీళ్లు సర్రున జారిపోతుంటే, అద్దం వెనక చెట్టు మెల్లగా తేటపడుతుంది. ఆ తేట చూస్తే ఎంత శ్రమైనా పడాలనిపిస్తుంది. మొదట్లో పొగమంచులా ఉన్నా కంగారు పడక్కర్లేదు. ఆరేకొద్దీ పోతుంది. ఒక వారం అద్దం దించకుండా ఉంటే చాలు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఆ తర్వాత కూడా వాడకూడదు.

వెనక అద్దం వంపుకు హీట్ గన్ కావాలి. పైగా దాని మీద డీఫాగర్ తీగలుంటాయి, బ్లేడు తగలకూడదు. ఆ ఒక్కటీ చేయి తిరిగిన వాళ్లకు వదిలేయడం మేలు. ముందు అద్దం రెండు గాజుల మధ్య పొరతో చేసింది కాబట్టి అతినీలలోహిత కిరణాలను చాలావరకు అదే ఆపేస్తుంది. దాని జోలికి పోనవసరం లేదు.

కొనేముందు ఒక్క లెక్క చూసుకోండి. మీ పక్క అద్దమే 75 శాతం వెలుతురు వదులుతుంటే, దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే మొత్తం 52 చిల్లర అవుతుంది. 60 శాతం ఫిల్మ్ వేస్తే 45కు పడిపోతుంది. దుకాణంలో ఎంత బాగుందన్నా ఆ రెండోది తీసుకోవద్దు.