లోపలి తోలు

పోయినేడు జులైలో ఒక సాయంత్రం, మాదాపూర్‌లో ఆఫీసు నుంచి మెట్రో స్టేషన్‌కి నడిచిన పది నిమిషాల్లో నా స్వేడ్ బూట్లు పాడైపోయాయి. కొని అప్పటికి పద్దెనిమిది రోజులు. ఆరున్నర వేలు. రెండేళ్లు ఆలోచించి, మూడు సార్లు షాపుకెళ్లి చూసి, చివరికి బోనస్ పడిన నెలలో కొనుక్కున్నాను. బెల్లం రంగు. వేలితో ఒకవైపు రాస్తే ముదురుగా, ఇంకోవైపు రాస్తే లేతగా కనిపించేవి. కొన్న రోజు రాత్రి వాటిని మంచం పక్కన పెట్టుకుని చాలాసేపు అలా రాస్తూ కూర్చున్నానంటే నవ్వకండి.

ఇంటికొచ్చేసరికి ఎడమ బూటు ముందుభాగం నల్లగా తడిసిపోయి ఉంది. కుడిదాని మీద బురద చుక్కలు. నేను చేసిన మొదటి తప్పు, బురదని తడి గుడ్డతో తుడవడం. తుడిచేకొద్దీ అది నూగులోకి ఇంకింది. రెండో తప్పు, హెయిర్ డ్రయ్యర్. పావుగంట వేడిగాలి కొట్టాక బూటు ముక్కు అట్టలా బిగుసుకుపోయింది. తడిసినచోటికీ తడవనిచోటికీ మధ్య, నేల మీద నీళ్లు ఎండితే మిగిలే గీతలాంటిది ఒకటి తేలింది.

అప్పుడు తలుపేసుకుని వీడియోలు చూడడం మొదలుపెట్టాను. తలుపెందుకు వేసుకున్నానో చెప్పాలి.

హాల్లో మా నాయిన ఉన్నాడు. కంటి శుక్లం ఆపరేషన్ కోసం సూర్యాపేట నుంచి వచ్చి మా ఫ్లాట్‌లో దిగాడు. ఆపరేషనై మూడు రోజులు. నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో కూర్చుని టీవీ వింటున్నాడు. ఆయన ముప్పై ఏళ్లుగా బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుడుతున్నాడు. మేం మాదిగలం. స్కూలు ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాసేదాన్ని. ఇంజనీరింగ్‌లో అది ‘ఫుట్‌వేర్ బిజినెస్’ అయింది. నాతో రెండేళ్లుగా ఉంటున్న రూమ్మేట్‌కి తెలిసింది ‘నాన్నగారికి షాపుంది’ అని.

ఇదంతా నేనొక్కదాన్నే దాచానని కాదు. చిన్నప్పుడు బడి అయ్యాక ఆయన దగ్గర కూర్చుంటే, పుస్తకం తప్ప ఇంకేదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి ఆరె చేతిలోకి తీసుకుంటే వీపు మీద ఒక్కటి వేశాడు. ‘ఈ పని నాతోటే ఆగాలె’ అనేవాడు. ఆగింది. ఇరవై ఏడేళ్లొచ్చాక, తోలు గురించి అంతా తెలిసిన మనిషి పక్క గదిలో ఉండగా, తలుపేసుకుని ఎవరో విదేశీ అబ్బాయి చెప్పే ‘స్వేడ్ కేర్’ పాఠం వింటున్నాను.

ఆ అబ్బాయి చెప్పింది తప్పేం కాదు. తర్వాత అన్నీ చేసి చూశాను కాబట్టి చెప్తున్నాను. బురద పడితే ముట్టుకోకూడదు. పూర్తిగా ఎండనిచ్చి, ఆ తర్వాత బ్రష్‌తో దులపాలి. స్వేడ్ బ్రష్ లేకపోతే మెత్తని పాత టూత్‌బ్రష్ చాలు. చివర్లో ఒకే వైపుకి రాస్తే నూగంతా ఒక తీరుగా పడుకుంటుంది. రాసుకుపోయిన మరకల్ని స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో చెరిపేయొచ్చు. రంగు రబ్బరైతే దాని రంగే అంటుకుంటుంది. బజ్జీ నూనె పడిందనుకోండి, మొక్కజొన్న పిండో టాల్కమ్ పౌడరో చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున దులపాలి, నూనెని అది పీల్చుకుంటుంది. మొండి మరకలకి తెల్ల వెనిగర్, అదీ గుడ్డకి కొంచెమే అద్ది. మామూలు షూ పాలిష్ మాత్రం వద్దు. నూగుని అతుక్కుపోయేలా చేస్తుంది.

నేను వింటూ ఉండగానే తలుపు తట్టాడు. కాలిన తోలు వాసన ఆయనకి అందకుండా తలుపు ఎలా ఆపుతుంది?

‘ఏంది బిడ్డా, ఏం కాలబెడుతున్నవ్?’

బూటు చూపించక తప్పలేదు. కుర్చీలో కూర్చుని, నల్లద్దాలు తీయకుండానే, చేత్తో తడిమి చూశాడు. బొటనవేలితో నూగుని అటూ ఇటూ రాశాడు. లోపల వేలు పెట్టి చూశాడు. నేను ధర చెప్పలేదు.

‘గిది లోపలి తోలు గద’ అన్నాడు.

ఆయన స్వేడ్ అనే మాట వినలేదు. కానీ అది నిజంగానే లోపలి తోలు. తోలుకి రెండు వైపులుంటాయి. వెంట్రుకలుండే పైవైపు నునుపుగా, గట్టిగా, కొంతవరకు నీళ్లని ఆపేలా ఉంటుంది. మామూలు బూట్లకి అదే బయటికి కనిపిస్తుంది. మాంసాన్ని అంటిపెట్టుకుని ఉన్న లోపలివైపుని అరగదీసి నూగు లేపితే స్వేడ్. మందమైన తోలుని మిషను మీద పొరలుగా చీల్చి, కింది పొరతో చేసేదీ స్వేడే. పైవైపునే సన్నగా గీకి నూగు తెప్పిస్తే దాన్ని నూబక్ అంటారు. స్వేడ్ అనే పేరు ఫ్రెంచి వాళ్లు ‘స్వీడన్ చేతొడుగులు’ అని పిలిచిన దాంట్లోంచి వచ్చింది. స్వీడన్‌కి ఫ్రెంచిలో ఉన్న పేరే అది.

‘మీ తాత రంపె పెట్టి గీకేది గీ దిక్కే’ అన్నాడు నాయిన. మా తాత ఊళ్లో లంద దగ్గర పనిచేసేవాడు. పచ్చి తోలుని నానబెట్టి, సున్నంలో వేసి వెంట్రుకలు ఊడగొట్టి, లోపలి దిక్కు అంటుకున్న మాంసం గీకి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. ఆ వాసనకి ఊరు మమ్మల్ని దూరం పెట్టింది. తాత చేతులతో గీకిన ఆ వైపుకి స్వీడన్ పేరు పెట్టి అమ్మితే, నేను ఆరున్నర వేలు పెట్టి కొనుక్కొచ్చాను.

‘మొత్తం తడుపు’ అన్నాడు.

‘నాయినా! దీనికి నీళ్లు తగలకూడదంట.’

‘తగిలినయ్ గద. సగం తడిసి సగం పొడిగుంటే గీత వడ్తది. మొత్తం ఒక్కతీరుగ తడిస్తే ఒక్కతీరుగ ఆర్తది.’

ఆయన్నే చేయమని బూటు ముందుకు జరిపాను. వెనక్కి నెట్టాడు. ‘డాక్టరు వంగొద్దన్నడు. నువ్వే చెయ్యి.’

అలా ఆ రాత్రి పదకొండింటికి, బాత్రూమ్ గుమ్మంలో పీట మీద కూర్చుని, మా నాయిన చెప్తుంటే మొదటిసారి తోలు పని చేశాను. స్పాంజిని గట్టిగా పిండి, బూటంతా చెమ్మగిల్లేలా అద్దాను. ‘నానబెట్టకు, అద్దు’ అని రెండుసార్లు కసిరాడు. ఆకారం చెడకుండా లోపల కాగితం కుక్కమన్నాడు. పేపరు తీస్తే ‘సిరా అంటుతది, తెల్ల కాగితం లేదా?’ అన్నాడు. ఆఫీసు ప్రింటవుట్ల వెనకవైపు తెల్లగా ఉందని తెస్తే నవ్వాడు. చివరికి టిష్యూ పేపర్లు కుక్కాం. ‘ఎండల వెట్టకు, ఫ్యాను కింద నీడకే ఆరనియ్యి. తొందరవడితే తోలు మొండికేస్తది.’

రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆదివారం పొద్దున, కెటిల్ ఆవిరికి కొంచెం దూరంగా బూటుని పట్టుకుని, నూగు మెత్తబడ్డాక బ్రష్ చేస్తున్నాను. గీత పోయింది. డ్రయ్యర్‌తో కాల్చినచోట బిగువు మాత్రం పోలేదు, ఇప్పటికీ ఉంది. రూమ్మేట్ కాఫీ కప్పుతో వచ్చి చూసి, ‘వావ్, అంకుల్‌కి భలే తెలుసే!’ అంది.

‘షాపుంది కదా’ అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

‘షాపేం లేదు బిడ్డా’ అన్నాడు నాయిన తనతో. ‘బస్టాండ్ల కూసొని చెప్పులు కుడత.’

నేను బ్రష్ ఆపలేదు. తల ఎత్తలేదు. తను ఒక్క క్షణం ఆగి లోపలికెళ్లింది. అయిపోయింది అనుకున్నాను. పట్టీ తెగిన శాండిల్స్ పట్టుకుని బయటికొచ్చింది. ‘అంకుల్, ఇవి అవుతాయా?’

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంటికి చుట్టంగా వచ్చిన మనిషికి చెప్పు చేతిలో పెడుతుందా అని. నాయిన మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇప్పుడు సామాను లేదు. ఊరికి వొయినంక కుట్టి పంపిస్త. నలభై రూపాయలైతయ్’ అన్నాడు. తను ‘సరే అంకుల్’ అంది. అవమానమంతా నా ఒక్కదానిలోనే జరిగింది. వాళ్లిద్దరి మధ్య జరిగింది బేరం. చెప్పులు నిజంగానే కుట్టి పంపించాడు. నలభై ఫోన్‌పేలో తీసుకున్నాడు.

మళ్లీ వానాకాలం వచ్చింది. ఇప్పుడు వాన సూచన ఉంటే బూట్లు వేసుకోను. వేసుకున్న మర్నాడు వాటికి సెలవు. నీళ్లు జారిపోయే స్ప్రే ఒకటి కొన్నాను, అది కొట్టినా వానకి భయమే. పాలిథిన్ కవర్లో పెడితే బూజు పడుతుంది కాబట్టి గుడ్డ సంచిలో, సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఆరె ఎలా పట్టుకోవాలో చూపించమన్నాను. ‘ఎందుకు?’ అన్నాడు. నా దగ్గర సరైన జవాబు లేదు. ఉద్యోగం వదిలి ఆ గొడుగు కింద కూర్చోనని ఇద్దరికీ తెలుసు. అయినా చూపించాడు. ఐదు నిమిషాలకే ఎడమచేతి వేలికి గుచ్చుకుంది. నెత్తురు చూసి, ‘గిందుకే వద్దన్న’ అని కసురుతూ గుడ్డపీలిక చుట్టాడు. చుట్టాక, ఆరె నా చేతిలోంచి తీసుకోలేదు.