మాట తడబడిన చక్రవర్తి

బ్రిటన్ రాజు ఆరో జార్జి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆయన నత్తి. 2010లో వచ్చిన 'ద కింగ్స్ స్పీచ్' సినిమా నాలుగు ఆస్కార్లు గెలుచుకున్నాక ఆ సంగతి ఎరగనివాళ్లు తక్కువ. నాకు మాత్రం అది చిన్నప్పుడే తెలుసు. ఎందుకంటే నాకూ నత్తే.

స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ సార్' అందామంటే 'ప్ర' దగ్గరే ఊపిరి ఆగిపోయేది. క్లాసంతా నవ్వేది. మా అమ్మమ్మ వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి నాలుక మీద రాసేది. తాతయ్యది మరో వైద్యం. "సాక్షాత్తూ జార్జి చక్రవర్తికే నత్తిరా, నీకుంటే తప్పేంటి?" అనేవాడు. 1942లో క్విట్ ఇండియా అంటూ జైలుకెళ్లొచ్చిన మనిషి ఆయన. తనను జైల్లో పెట్టిన ప్రభుత్వం ఏ రాజు పేరిట నడిచిందో, ఆ రాజునే మనవడికి ధైర్యంగా చూపించాడు. అందులోని వింత నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. అప్పటినుంచి ఆ రాజు గురించి దొరికిందల్లా చదువుతున్నాను.

ఆయన అసలు పేరు ఆల్బర్ట్. 1895 డిసెంబర్ 14న పుట్టాడు. తర్వాతి కాలంలో ఐదో జార్జిగా రాజైన తండ్రి మహా కోపిష్టి. పుర్రచేతి వాటం పిల్లాడితో బలవంతంగా కుడిచేత్తో రాయించారు. మోకాళ్లు రాసుకుంటున్నాయని కాళ్లకు బద్దలు కట్టారు. ఏడెనిమిదేళ్ల వయసులో నత్తి మొదలైంది. అయినా నౌకాదళంలో చేరి, 1916లో జట్లాండ్ నౌకాయుద్ధంలో పాల్గొన్నాడు. ఫిరంగుల ముందు బెదరనివాడు మైకు ముందు బెదిరాడు. 1925 అక్టోబర్ 31న వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో ఆయన చేసిన ప్రసంగం ఆయనకే కాదు, విన్నవాళ్లకూ నరకమైంది.

మర్నాటి ఏడు ఆయన లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియన్‌ను ఆశ్రయించాడు. డాక్టర్ పట్టా లేని ఆ మనిషి ఆయనకు నేర్పింది ఊపిరి తీసుకోవడం, రోజూ సాధన చేయడం. 1927 మేలో కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా పార్లమెంటు భవనాన్ని ప్రారంభిస్తూ ఆయన పెద్దగా తడబడకుండా మాట్లాడగలిగాడు. నత్తి పోలేదు. దాంతో వేగడం నేర్చుకున్నాడు. అనుభవం మీద చెబుతున్నాను, ఆ తేడా చిన్నది కాదు.

సింహాసనం ఆయన కోరుకున్నది కాదు. విడాకులు తీసుకున్న వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడటం కోసం అన్న ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 డిసెంబర్‌లో గద్దె దిగిపోతే, కిరీటం వచ్చి తమ్ముడి నెత్తిన పడింది. ఆ కబురు చెబుతూ తల్లి దగ్గర పసివాడిలా ఏడ్చానని ఆయనే డైరీలో రాసుకున్నాడు. రాజకీయంగా దూరదృష్టి గలవాడనీ చెప్పలేం. 1938లో హిట్లర్‌తో మ్యూనిక్ ఒప్పందం చేసుకొచ్చిన ప్రధాని చాంబర్లేన్‌ను రాజభవనం బాల్కనీలో పక్కన నిలబెట్టుకున్నాడు. 1940లో ప్రధానిగా చర్చిల్ కన్నా హాలిఫాక్స్ అయితే మేలనుకున్నాడు.

కానీ యుద్ధం వచ్చాక ఆయన కదల్లేదు. 1940 సెప్టెంబర్ 13న దంపతులిద్దరూ లోపల ఉండగానే బకింగ్‌హామ్ ప్యాలెస్‌పై బాంబులు పడ్డాయి. యుద్ధకాలంలో ఆ భవనం తొమ్మిదిసార్లు దెబ్బతింది. రాజకుటుంబానికీ రేషనే. స్నానపు తొట్టెలో నీళ్లు అయిదంగుళాలు దాటకుండా గీత గీయించారు. 1942లో తమ్ముడు డ్యూక్ ఆఫ్ కెంట్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. బాంబుల నడుమ సాహసం చూపిన మామూలు పౌరుల కోసం జార్జ్ క్రాస్ పతకాన్ని నెలకొల్పింది ఈయనే. జనం కష్టాన్ని రాజు పంచుకున్నాడని బ్రిటన్ ఇప్పటికీ చెప్పుకొంటుంది. అందులో అబద్ధం లేదు.

అయితే ఆయన జనం బ్రిటన్‌లోనే లేరు. 1939 సెప్టెంబర్ 3న లోగ్ పక్కన నిలబడి ఉండగా రాజు రేడియోలో ఆ ప్రసిద్ధ ప్రసంగం చేసిన రోజే, వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ నాయకుణ్నీ అడక్కుండా మన దేశాన్ని యుద్ధంలోకి దించాడు. దాదాపు 25 లక్షల మంది మనవాళ్లు ఆ రాజు సైన్యంలో చేరారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపైనా బాంబులు వేశాయి. 1943లో బెంగాల్ కరవు ఇంచుమించు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. లండన్‌లో రాజు రేషన్ తిన్నాడు. కలకత్తా వీధుల్లో ఆయన ప్రజలకు గంజి కూడా దొరకలేదు.

ఆ నిర్ణయాలు రాజువి కావు, చర్చిల్ మంత్రివర్గానివీ ఇక్కడి ప్రభుత్వాలవీ అని వాదించొచ్చు. రాజ్యాంగం ప్రకారం అది నిజమే. కానీ పేరు ఆయనది, నాణెం మీద బొమ్మ ఆయనది. చక్రవర్తిగా ఉన్న కాలంలో ఒక్కసారైనా ఆయన ఈ దేశంలో కాలు పెట్టలేదు. తండ్రి 1911లో జరిపిన ఢిల్లీ దర్బారు లాంటిది ఈయన జరపనే లేదు. మనం కష్టంలో ఉన్నప్పుడు పక్కన నిలబడే రాజుగా ఆయన మనకెన్నడూ కనిపించలేదు.

1947 ఆగస్టు తర్వాత ఆయన సంతకంలోంచి, చక్రవర్తి అని సూచించే 'ఐ' అక్షరం పోయింది. అది చూసి తల్లి మేరీ రాణి బాధపడిందట. భారత చక్రవర్తి బిరుదును 1948 జూన్‌లో లాంఛనంగా వదులుకున్నా, మనం గణతంత్రమైన 1950 జనవరి 26 దాకా చట్టరీత్యా ఆయనే మన రాజు. తాతయ్యను జైలుకు పంపిన కిరీటం స్వతంత్ర భారతంలోనూ రెండేళ్లకు పైగా కాగితం మీద కొనసాగిందన్నమాట. ఆయన విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. 1951లో క్యాన్సర్ సోకిన ఎడమ ఊపిరితిత్తిని తీసేశారు. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయాడు. అప్పటికి వయసు 56 ఏళ్లే.

మంచివాడు కాబట్టి ఆయన సామ్రాజ్యమూ మంచిదనడం ఒక పొరపాటు. సామ్రాజ్యం చెడ్డది కాబట్టి ఆయన ధైర్యం బూటకమనడం ఇంకో పొరపాటు. తాతయ్య ఈ రెండూ చేయలేదు. రాజ్యాన్ని ఎదిరించి జైలుకెళ్లాడు, ఆ రాజు పట్టుదలను మాత్రం తెచ్చి మనవడి చేతిలో పెట్టాడు. నేనిప్పటికీ సభలో మాట్లాడాల్సి వస్తే ముందు ఊపిరి తీసుకుని, కాసేపు ఆగి మొదలుపెడతాను. ఆ ఆగడం కూడా మాటలో భాగమేనని చెప్పింది ఆ రాజే. బెంగాల్ లెక్క మాత్రం ఆయన పేరిట అలాగే ఉంది.