మేము ఎక్కని కనుమ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలపై పుట్టి పెరిగిన మావంటివారికి ఎత్తు అంటే ఏమిటో సులభంగా బోధపడదు. చూపు ఆనినంత మేర పత్తి చేలు, మిరప తోటలు. వేసవి తొలినాళ్ళలో కల్లాలలో ఆరబోసిన ఎర్రని మిరపకాయల రాశులే మాకు కొండలు. కొండవీడు కొండలు దూరాన నీలిగీతలవలె కనిపించినా, అవి మాకు చూడడానికే గాని ఎక్కడానికి కావు.

కృష్ణానది దాటి విజయవాడలో అడుగుపెట్టగానే నేల తీరే మారిపోతుంది. ఇంద్రకీలాద్రి మొదలు మొగల్రాజపురం, గుణదల కొండల వరకు, అది కొండల నడుమ ఒదిగిన నగరం. కింద స్థలం కొనలేని శ్రమజీవులు కొండవాలులను చదును చేసుకొని ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడ చాలాచోట్ల వీధి అంటే మెట్లే. చిట్టినగర్ సొరంగం వైపున్న కొండపై, అటువంటి ఒక మెట్ల వీధి చివర మా పినతండ్రి కుమారుని ఇల్లు ఉంది.

అతడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసి, తర్వాత విజయవాడకు వలసవెళ్ళి, అక్కడా హమాలీగానే బ్రతికాడు. అతడు అల్లాహ్ సన్నిధికి చేరిన తర్వాత ఆ ఇంట మిగిలినది కుట్టుపని చేసుకునే భార్య, తొమ్మిదేళ్ళ కుమారుడు.

ప్రతి రంజానులో మేము దంపతులము బియ్యం, పప్పు, కారం, కొత్త బట్టలు, కొంత పైకము తీసుకొని వెళ్ళేవాళ్ళము. కొండ కింద ఆటో ఆపి ఫోను చేసేవాళ్ళము. పిల్లవాడు గబగబా దిగివచ్చి, రెండు మూడు విడతలుగా ఆ సంచులన్నీ పైకి మోసుకుపోయేవాడు. “పెద్దనాన్నా, పైకి రారా?” అని అడిగేవాడు. “మోకాళ్ళ నొప్పులు నాయనా, ఈసారికి కాదులే” అనేవాళ్ళము. అలా మూడు రంజానులు గడిచాయి.

2024 ఆగస్టు 31న కుండపోత వర్షానికి మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళపై పడి కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వెంటనే బుడమేరు పొంగి నగరంలోని పల్లపు ప్రాంతాలు మునిగిపోయాయి. ఆనాడు కూడా మేము ఫోనులోనే క్షేమసమాచారం విని, అల్‌హందులిల్లాహ్ అనుకొని ఊరకున్నాము.

ఆ తర్వాత వచ్చిన రంజానులో పిల్లవాడు దిగిరాలేదు. వాడికి జ్వరం. “బావగారూ, సంచులు ఆ మూలకొట్టులో పెట్టి వెళ్ళండి. ఇఫ్తార్ అయ్యాక నేను తెచ్చుకుంటాను” అన్నది ఆమె ఫోనులో. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. తర్వాత మాట్లాడకుండా సంచులు ఎత్తుకున్నాము.

ఆ మెట్లు 142. కొన్ని జానెడు ఎత్తు, కొన్ని మూరెడు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఒకవైపు ఇంటి గోడలు, మరోవైపు మురుగు కాలువ. అరవయ్యో మెట్టు దగ్గర కూలబడిపోయాము. అంతలో ఒక యువకుడు భుజాన నిండు గ్యాస్ సిలిండరుతో వచ్చాడు. దాని బరువు దాదాపు 30 కిలోలు. దానిని ఒక గడప దగ్గర దించి, మా బియ్యపు సంచి పైదాకా చేర్చి, మళ్ళీ దిగివచ్చి తన బరువు తాను ఎత్తుకున్నాడు. పేరు అడిగేలోపే వెళ్ళిపోయాడు.

మేము చేరేసరికి మగ్రిబ్ అజాన్ వినవచ్చింది. ఆమె ఖర్జూరాలు, నీళ్ళు అందించింది. గటగటా తాగి మరో గ్లాసు అడిగాము. ఆ తర్వాతే పిల్లవాడు పడకలోనుంచి చెప్పాడు. ఉదయం నుంచి పైకి కుళాయి రాలేదట. అమ్మ ఉపవాసంతోనే కింది నుంచి ఆరు బిందెలు మోసిందట. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

హజ్రత్ హాజిరా (అ) బిడ్డ దాహం తీర్చడానికి సఫా, మర్వా కొండల నడుమ ఏడుసార్లు పరుగెత్తిన వృత్తాంతం ఎరుగని ముస్లిం ఉండడు. హజ్, ఉమ్రా యాత్రికులు ఆ నడకను నేటికీ ఆచరిస్తున్నారు. ఆ తల్లిని తలచి కంటతడి పెట్టే మేము, మా బంధువర్గంలోని ఒక తల్లి నీటికోసం కొండ ఎక్కి దిగుతున్నదని మూడేళ్ళుగా ఎరుగము.

ఆ రాత్రి దివ్య ఖుర్ఆన్ తెరిచి 90వ సూరా ముందు కూర్చున్నాము. దాని పేరు ‘అల్ బలద్’, అనగా నగరం. కొండల నడుమ వెలసిన మక్కా నగరాన్ని ప్రస్తావిస్తూ మొదలయ్యే ఆ సూరా, మనిషి ఎక్కడానికి సాహసించని ‘అఖబా’ను, అంటే కఠినమైన కనుమను, గురించి చెబుతుంది. ఆ కనుమ ఏమిటో కూడా తానే వివరిస్తుంది. బానిసకు విముక్తి కలిగించడం, ఆకలి దినాన అనాథకు, దుమ్ములో పడివున్న నిరుపేదకు అన్నం పెట్టడం. ఆ అనాథ దగ్గరి బంధువు అని కూడా అక్కడ ప్రత్యేకంగా ఉంది. ఎన్నిసార్లో చదివిన సూరాయే. కాని ఆ కనుమకు 142 మెట్లు ఉంటాయని మాకు తట్టలేదు. అన్నం మేము పెట్టాము, నిజమే. కనుమ మాత్రం ఆ అనాథ బాలుడు ఎక్కాడు.

మా ఊరికి వచ్చి ఉండమని ఆమెను అడిగాము. “ఇది ఆయన కట్టిన ఇల్లు. పిల్లవాడి బడి, నా కుట్టుపని ఇక్కడే ఉన్నాయి. మీరు వస్తూ ఉండండి, అది చాలు” అన్నది. నాటినుంచి నెలకొకసారి వెళ్తున్నాము. కొండ కింద ఫోను చేయడం మానివేశాము. మా మస్జిదులో జకాత్ జాబితా రాసేటప్పుడు, ఎవరెవరు ఎత్తున, ఎవరెవరు దూరాన ఉన్నారో అడిగి, ఆ ఇళ్ళకు ఎవరు స్వయంగా వెళ్తారో కూడా ఇప్పుడు రాస్తున్నాము.

“ప్రపంచంలో మా వీధికంటే నిటారైనది ఉందా పెద్దనాన్నా?” అని ఒకసారి పిల్లవాడు అడిగాడు. న్యూజిలాండులోని డునెడిన్ నగరంలో బాల్డ్విన్ వీధి ఉన్నదని చెప్పాము. అక్కడ వాలు బాగా ఎక్కువైన చోట 100 మీటర్ల అడ్డదూరానికి 34.8 మీటర్ల ఎత్తు. 2019లో ఆ కీర్తి వేల్స్ దేశపు హార్లెక్ ఊరి వీధికి పోయినా, 2020లో తిరిగి దీనికే వచ్చింది. వాడు తన మెట్టును జానతో కొలిచాడు. అడుగు వెడల్పుకు అర అడుగు ఎత్తు, అంటే నూటికి యాభై! “అయితే మాదే గెలిచింది” అని నవ్వాడు. అది బండ్లు నడిచే వీధుల పోటీ అని మేము చెప్పలేదు.

ఎత్తు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్ అని, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అని పలికేవాళ్ళమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఇప్పుడు వాడు మా చేయి పట్టుకొని, మెట్టు మెట్టుకూ తక్బీర్ చెబుతూ ఎక్కిస్తాడు. అరవయ్యో మెట్టు దగ్గర తానే ఆగి, “కూర్చోండి పెద్దనాన్నా” అంటాడు.

మూడేళ్ళు ఆ మెట్ల కింద నిలబడిన మా పాదాలను అల్లాహ్ మన్నించుగాక! ఎక్కే శక్తి ఉన్నంతకాలం ఎక్కనిచ్చుగాక! ఆమీన్.