సీతారామపురము త్రోవలో

నెల్లూరు జిల్లా పడమటి కొసను, వెలిగొండల నీడలో సీతారామపురమను నూరు గలదు. నెల్లూరినుండి పోవువారు పెన్నయొడ్డుననున్న సంగమును, ఆత్మకూరును దాటి, వరిమళ్లను వెనుకవిడిచి, ఉదయగిరి చేరుదురు. అచ్చటినుండి పడమరగా సాగినకొలది ఊళ్లు పలుచనై, కొండలు దగ్గఱయగును. సీతారామపురమునకు చేరువ యడవిలో ఘటిక సిద్ధేశ్వరమను శివక్షేత్రము గలదు. అన్నదానమునకు పేరుగన్న అవధూత కాశినాయన ఈ ప్రాంతముననే జన్మించి, శిథిలమైన యీ క్షేత్రమును మరల నిలిపెను.

ఆ స్వామిని దర్శింపవలెనని మా యత్తగారికి చిరకాలపు కోరిక. అందుచే మహాశివరాత్రికి ముందటి వారమున మేము మా పాత అంబాసిడరు బండిలో బయలుదేరితిమి. అది మా మామగారు కొన్న బండి. కలకత్తా చెంత ఉత్తరపాడాలో 1950ల కడపట మొదలైన ఆ బండ్ల తయారీ 2014లో నిలిచిపోయినది. కావున దాని విడిభాగములు సంపాదించుటకు ఇప్పుడు వెదకులాట తప్పదు.

రెండు నెలలనుండి బండి నిలిపినచోటనెల్ల ఇంజను చమురు చుక్కలుగా కారి నేల నల్లబడుచుండెను. చుక్క ఇంజను వెనుకభాగమున పడుచున్నది గనుక వెనుకటి సీలు పోయినదనియు, ఇంజను దింపవలెననియు పట్టణములో నొక మేస్త్రీ చెప్పెను. అతడు చెప్పిన మొత్తము బడిపంతులు గారి నెలజీతమును మించినది. మావారు పిల్లల చదువుల ఖర్చు తలచుకొని, “ఈ యాత్ర కాగానే ఇనుమునకు అమ్మివేయుదము” అనిరి. అత్తగారు బదులాడలేదు. ప్రతి యుదయమును మామగారు తమ చేతులతో తుడిచిన బండి యది.

ఆత్మకూరులో బండి నాపి, ఇంజను చల్లారిన పిదప కొలపుల్ల తీసి చూచితిమి. చమురు క్రింది గీతకు కొంచెము పైన నుండెను. ఉదయగిరి చేరునప్పటికి గీతకు దిగిపోయెను. ఆ గీతకు దిగువను బండి నడిపినచో లోపలి లోహభాగములు ఒరసికొని ఇంజను చెడిపోవును. ముందు అడవిత్రోవ, వెంట ముసలితల్లి. వెంట తెచ్చిన చమురు పోసికొని పోవచ్చునుగాని, కారుట యెంత హెచ్చునో యెవరికి తెలియును? ఊరి చివర తాటాకు పందిరి క్రింద పనిచేయుచున్న యొక వృద్ధ మేస్త్రీకడ బండి నిలిపితిమి.

ఆయన మావారి మాటలన్నియు విని, “అయ్యవారూ, పెంకుటిల్లు కురిసినప్పుడు చుక్క పడినచోటనే పెంకు పగిలియుండునా? వాసము వెంట నీరు జాఱి యెక్కడనో పడును. ఇదియు నట్టిదే. తడిసిన చోటులలో అన్నిటికంటె పైదానిని పట్టవలెను” అనెను.

పిమ్మట కిరసనాయిలు గుడ్డతో చల్లారిన ఇంజను నంతయు తుడిచి ఆరబెట్టెను. నావైపు తిరిగి, “అమ్మా, ముఖమునకు రాచుకొను పౌడరు తెచ్చితిరా?” యని యడిగెను. మేము విస్తుపోయి సంచిలోని డబ్బా యందిచ్చితిమి. దానిని ఇంజను ప్రక్కలను పలుచగా చల్లి, బండి కదలకుండ చేతిబ్రేకు వేయించి, పావుగంట ఇంజను నడిపించెను. తెల్లని పొడిమీద, కార్బురేటరు క్రిందుగా ఇంజను ప్రక్కనున్న రేకుమూత అంచున, సన్నని నల్లగీత యొకటి తేలెను. అది క్రిందికి జాఱి వెనుకకు పాఱుచుండెను. వెనుకటి సీలు చుట్టును పొడి తెల్లగానే యున్నది! ఇంజను దింప నవసరమే లేదని యప్పుడు తెలిసినది.

“గ్యాస్కెట్టు మార్చిన సరిపోవునా?” యని మావారడిగిరి. మేస్త్రీ తల యూపక, చమురు పోయు మూతను కొంచెము వదులుచేసి చూపెను. లోపలినుండి గాలి బుస్సున తన్నుచుండెను. ఇంజను లోపలి యావిరి వెలుపలికి పోవుటకు బ్రీదరను గొట్టము గలదు. దాని జల్లెడ జిడ్డుతో మూసికొనిపోయినది. కుక్కరు వెయిటు క్రింది రంధ్రమున మెతుకు అడ్డుపడిన నేమగునో వంటయింటివారమగు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. త్రోవ లేని గాలి బలహీనమైన చోటును వెదకి, చమురును వెంటబెట్టుకొని వెలికి వచ్చుచుండెను.

ఆయన కార్బురేటరును, దాని గొట్టములను విప్పి రేకుమూత తీసెను. బెండు గ్యాస్కెట్టు ఎండి, అప్పడమువలె పెళుసెక్కియుండెను. మూతకు నడుమ నొక్కటే బోల్టు. ఎవరో కారుట మాన్పుటకై దానిని మిక్కిలి బిగించుటచే రేకు అంచులు వంకరపోయినవి. మూతను బల్లమీద నుంచి చిన్న సుత్తితో అంచులు సరిచేసి, క్రొత్త బెండు కత్తిరించి యమర్చి, మితముగా బిగించెను. జల్లెడను కిరసనాయిలులో కడిగి యారబెట్టి తిరిగి పెట్టెను.

ఆ పని జరుగుచున్నంతసేపు మాకెదురుగా ఉదయగిరి దుర్గము నిలిచియుండెను. శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి ఈ దుర్గమును గైకొనుటకు ఏడాదిన్నర ముట్టడి వలసెను. 1514లో అది యాయన వశమయ్యెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమునే ఆయన విజయనగరమునకు గొనిపోయి ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఊరిలో కఱ్ఱతో గరిటెలు, చెంచాలు చెక్కు పనివారున్నారు. ఆ పనిలో స్త్రీలును నేర్పరులు. మేము రెండు గరిటెలు కొంటిమి. ఇవి చేయి కాల్పవు, పాత్రలను గీయవు.

మేస్త్రీ యడిగిన కూలి, పట్టణములో చెప్పిన మొత్తమున ఇరువదవ వంతైన లేదు. ప్రొద్దు గ్రుంకకముందే సీతారామపురము చేరితిమి. రాత్రి బండి క్రింద అట్టముక్క పఱచితిమి. తెల్లవాఱి చూడగా దానిపై నొక్క చుక్కయు లేదు. అత్తగారు తమ చీరకొంగుతో బండి యద్దము తుడిచిరి. బండి నమ్మెడి మాట మావారు మరల నెత్తలేదు. మేము సిద్ధేశ్వరస్వామిని దర్శించి, పంక్తిలో కూర్చుండి ప్రసాదము భుజించితిమి.

సోదరీమణులారా! బండి పని పురుషులదని మనము ఊరకుండరాదు. దాని ఖర్చు మన సంసారములోనిదే. నేలపై మరక కనబడిన, అట్ట పఱచి అది నీరో చమురో చూడుడు. సమతలమున బండి నిలిపి, చల్లారిన ఇంజనులో కొలపుల్లతో చమురు చూడుడు. కాగిన పొగగొట్టముపై చమురు పడి పొగలు వచ్చిన వెంటనే బండి నాపుడు. నిప్పంటుకొను ప్రమాదము గలదు. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండి క్రిందికి ఎవరిని దూఱనీయకుడు. ఇంజను దింపవలెనని యెవరైన చెప్పినచో, “ముందు తుడిచి చూచితివా, నాయనా?” యని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నకు ఖర్చు లేదు.