తొడిమ వీడాలి

జులై 8, సోమవారం

ఇవాళ్టి నుంచి గోళీలు. ఫ్లాస్కులు, కండెన్సర్ల జోలికి మాస్టారు నన్నింకా రానివ్వలేదు. "ముందు గుండ్రంగా ఒక గోళీ చేసి చూపించమ్మా, పనంతా అందులోనే ఉంది" అన్నారు. 8 మిల్లీమీటర్ల బోరోసిలికేట్ గాజు కడ్డీ కొస కరిగించి, ముద్ద చేసి, గ్రాఫైట్ అచ్చులో తిప్పడం దాకా చెయ్యి తిరిగింది. చిక్కంతా ఆ తర్వాతే. గోళీ ఒక పక్క కడ్డీకి అంటుకునే ఉంటుంది. ఆ పక్క గుండ్రం చేయాలంటే అవతలి పక్క ఇంకో పిడి కావాలి. దాన్నే పంటీ అంటారు. పని అయ్యేదాకా మోయాలి, కాగానే ఊడిపోవాలి.

నా మొదటి పంటీ ఊడలేదు. గోళీని, కడ్డీని రెండింటినీ ఎర్రగా కాల్చి అతికించాను. కలిసిపోయాయి. లాగితే గోళీ కూడా సాగి నిమ్మకాయలా తయారైంది. రెండోసారి భయపడి గోళీని బాగా చల్లారనిచ్చాను. అతుకు పట్టినట్టే పట్టి, మొదటి కడ్డీ కోస్తుండగా వదిలేసింది. కిందపడి రెండు ముక్కలు.

జులై 10, బుధవారం

మాస్టారు చేసి చూపించారు. మర్చిపోకముందే రాసుకోవాలి.

గోళీని మంటలోంచి తీసి ఎరుపు పోయేదాకా ఆగారు, అంతే. పంటీ కొస మాత్రం మంటలోనే ఉంది, ఆ కొస ఒక్కటే ఎర్రగా. తాకించారు, నొక్కలేదు. తాకిన మరుక్షణం వెంట్రుకవాసి వెనక్కి లాగారు. అతుకు దగ్గర సన్నటి నడుము ఏర్పడింది. "విరగాల్సింది ఇక్కడమ్మా. దోసపండు తొడిమ వీడినట్టు రావాలి" అన్నారు. మెత్తగా ఉండగానే రెండు కడ్డీలూ ఒకే గీత మీదికి తెచ్చారు. వంకరగా గట్టిపడితే తిప్పినప్పుడల్లా గోళీ ఊగుతుంది.

తర్వాత సన్నని మంటతో మొదటి కడ్డీని మొదట్లోనే కోసి, ఆ పక్క కరిగించి గుండ్రం చేశారు. మంటంతా అటే. తొడిమ మెత్తబడకూడదు, అలాగని పూర్తిగా చల్లారనూ కూడదు. అందుకే మధ్యమధ్య మంట అంచున ఒకసారి తిప్పుతూ వచ్చారు. ఆఖరున గోళీని వెచ్చటి అచ్చులో ఉంచి కడ్డీ మీద పట్టకారుతో ఒక్క దెబ్బ. టక్. ఆవగింజంత మచ్చ మిగిలింది. దాన్ని చిన్న మంటతో నున్నగా చేసి, 565 డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టారు.

మంట చెదురుతుందని ఫ్యాన్ వేయం. చున్నీ పిండితే నీళ్లు కారేలా ఉంది. అయినా ఆ 'టక్' ఇంకా చెవిలోనే ఉంది.

జులై 12, శుక్రవారం

పంటీ బాగానే అతికింది, కానీ చల్లారుతుండగా 'చిట్' అని చప్పుడు. అతుకు నుంచి గోళీ లోపలికి పగులు. నేను తీసుకున్నది మామూలు సోడా గాజు కడ్డీ. అది వేడికి బోరోసిలికేట్ కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారితే అంతే కుంచించుకుపోతుంది. తాత్కాలికమే కదా అని ఏదో ఒక కడ్డీ అతికిస్తే కుదరదు. రెండు రకాలనూ వేరే డబ్బాల్లో పెట్టి పేర్లు రాసి అంటించాను.

జులై 14, ఆదివారం

సాలార్‌జంగ్ మ్యూజియంలో గాజు సామాను చూడటానికి వెళ్లాను. ఊది చేసిన పాత పాత్రల అడుగున పంటీ విరిగిన మచ్చ ఉంటుంది, శ్రద్ధ ఉన్నవాళ్లు దాన్ని సానబట్టి నున్నగా చేస్తారు. అద్దాల వెనక ఉన్నవాటికి అడుగు ఎక్కడ కనిపిస్తుంది? అయినా గొంతు కూర్చుని చూశాను. ఏదో ఒక చెయ్యి ప్రతి దాన్నీ అక్కడ పట్టుకునే ఉంటుంది.

జులై 19, శుక్రవారం

నిన్న చేసిన రెండు గోళీల్లో ఒకటి రాత్రి ఫర్నేస్‌లో పెట్టాను. రెండోదానికి చోటు లేక బయటే ఉండిపోయింది. కళ్లతో చూస్తే రెండూ ఒకటే, మచ్చలు గోటికి కూడా తగలడం లేదు. గాజులో మిగిలిన ఒత్తిడిని వెలుగుగా చూపించే పోలారిస్కోప్‌లో పెట్టి చూడమన్నారు మాస్టారు. ఫర్నేస్‌లోది నల్లగా, ప్రశాంతంగా ఉంది. బయటిదాంట్లో పంటీ అతికిన చోటు చుట్టూ తెల్లటి వెలుగు. పిడి ఊడి ఒక పూట గడిచినా దాని ఒత్తిడి గాజులో అలాగే ఉంది.

మేడ మీది ఇంటివాళ్ల బాబు నిన్ననే ఒక గోళీ అడిగాడు. వాడికి ఫర్నేస్‌లోదే ఇచ్చాను.