సున్నా టికెట్టు



చాలాకాలంగా వ్రాయాలనుకొని, వ్రాస్తే నా పరువేమవుతుందోనని వెనుకాడుతూ వచ్చిన విషయమొకటి ఈ రోజు మీ ముందుంచుతున్నాను. అది కొంత ఆర్టీసీ బస్సును గురించినది. మరికొంత నన్ను గురించినది.

మాది గోదావరిఖని. ఇక్కడ పంచాంగం కంటె సింగరేణి షిఫ్టులే కాలాన్ని ఎక్కువగా శాసిస్తాయి. జీతం ప్రధానంగా మగవాడి చేతికి వచ్చే ఊరు. ఇంట్లోని ఆడవారు కూరగాయలకైనా, చీటీకైనా, బస్సు ఛార్జీకైనా ఆ చేతివంక చూడవలసిందే. నేను గని కార్మికుణ్ణి కాను, బడిలో తెలుగు పండితుణ్ణి. అయినా ఈ ఒక్క విషయంలో మా ఇల్లు ప్రక్క ఇంటికి భిన్నంగా ఉండేదని చెప్పలేను.

ఉద్యోగంలో చేరిన నాటి నుండి నాకు పద్దుల పుస్తకం వ్రాసే అలవాటున్నది. పాలు, బియ్యం, పుస్తకాలు, ప్రయాణాలు - దేనికదే వేరు పద్దు. మా శ్రీమతి అక్కగారు మంథనిలో ఉంటారు. సెంటినరీ కాలనీ మీదుగా పోతే గట్టిగా గంటన్నర దూరం. అయినా మా శ్రీమతి అక్కడికి పోవాలంటే ముందు నా దగ్గరకు వచ్చి నిలబడేది.

"అక్కను చూసొద్దునా?"

ఆ 'చూసొద్దునా'లోని ప్రశ్నను నేను ఏనాడూ గమనించలేదు. క్రియాపదాలలో విధ్యర్థకం, ప్రశ్నార్థకం, నిశ్చయార్థకం అంటూ ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు బోధించినవాణ్ణి! "వచ్చే వారం చూద్దాంలే" అనడం నాకు అలవాటు. నేనెన్నడూ కాదనలేదు సుమా, వాయిదా వేశానంతే. ఇచ్చినప్పుడు మాత్రం లెక్కకు పది రూపాయలు ఎక్కువే ఇచ్చి, ఉదారుణ్ణని మురిసిపోయేవాణ్ణి. సాయంత్రం పద్దు వ్రాసుకొనేవాణ్ణి: 'శ్రీమతి, మంథని, రాకపోకలు'.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, హైదరాబాదు నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను స్త్రీలకు ఛార్జీ లేదన్నారు. అది శనివారం. ఆ వచ్చిన సోమవారం ఆ యేటి కార్తీకంలో చివరిది. ఉదయం నడకకు పోయి ఇంటికి వచ్చేసరికి తలుపు తాళం వేసి ఉన్నది. జేబులో ఫోను మ్రోగింది.

"మంథని బస్సుల కూసున్న. అన్నం వండిపెట్టిన, పప్పు గిన్నెల ఉన్నది. తాళంచెవి పక్కింట్ల ఇచ్చిన. అక్కను తీస్కొని కాళేశ్వరం పోయి పొద్దుమూకినంక వస్త."

ఒకే పానవట్టంపై రెండు లింగాలున్న ఆ ముక్తీశ్వరుణ్ణి కార్తీక సోమవారంనాడు చూడాలని ఆమె ఎన్నేళ్ళుగా అడుగుతున్నదో నాకు జ్ఞాపకం లేదు. ఎన్నిసార్లు 'వచ్చే ఏడు' అన్నానో కూడా జ్ఞాపకం లేదు. ఆమెకు ఉండే ఉంటుంది.

ఆ రోజు నాకు కోపమే వచ్చింది. దాచి ప్రయోజనం లేదు. చెప్పకుండా పోయిందని కాదు, చెప్పింది కదా! అడగకుండా పోయింది. చెప్పడానికీ అడగడానికీ గల భేదం నాకు ఆ పప్పు గిన్నె ముందు కూర్చున్నప్పుడు గాని బోధపడలేదు.

నిజాం కాలంలో, 1932 జూన్‌లో, రైల్వే శాఖ క్రింద 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. తొంభై ఏళ్ళ పైచిలుకులో ఎర్ర బస్సు పోయి డీలక్సులు వచ్చాయి, రాజధాని, గరుడ వచ్చాయి. ప్రతి మార్పునూ మనం అభివృద్ధి అన్నాం. అవన్నీ టికెట్టు కొనగలిగినవాడి సుఖానికి సంబంధించినవి. టికెట్టు కొనడానికి ఇంకొకరి అనుమతి అవసరమైన మనిషిని గూర్చి ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తరువాత మన దగ్గర, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి ఏర్పాటు జరిగింది. తెలంగాణలో సున్నా టికెట్లు 2025 జులై నాటికి 200 కోట్లు దాటాయని లెక్క చెప్పారు.

దీనిలో కష్టం లేదనడం లేదు. సున్నా టికెట్టు ఖర్చును ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించవలసిందే. అది మనందరి పన్నుల సొమ్మే. బస్సులలో ఒత్తిడి పెరిగింది. అరవై దాటిన నేను టికెట్టు కొని, పెద్దపల్లి దాకా కమ్మీ పట్టుకొని నిలబడిన రోజులున్నాయి. చౌరస్తాలో ఆటో నడిపే నా పూర్వ విద్యార్థి ఒకడు ఒకనాడు దిగులుగా అన్నాడు: "సార్, ఆడోళ్ళంత బస్సెక్కుతున్నరు. మా గిరాకీ సగం పోయింది. కిస్తీ ఎట్ల కట్టాలె?" వాడికి చెప్పడానికి నా దగ్గర పద్యం లేదు, సమాధానమూ లేదు. ఒకరికి తెరిచిన తలుపు మరొకరి కూటికి అడ్డుపడకుండా చూడవలసిన బాధ్యత పాలించేవారిదే. అది ఇంకా తీరలేదు.

పోయిన వేసవిలో హైదరాబాదులోని మా అబ్బాయి ఇంటికి బయలుదేరాము. వయసు మీదపడింది కదా, రాజధాని బస్సులో పోదామన్నాను. "మీరు రాజధానిల రాండ్రి, నేను ఎక్స్‌ప్రెస్‌ల వస్త" అన్నది. చివరికి ఇద్దరమూ ఎక్స్‌ప్రెస్సే ఎక్కి, రాజీవ్ రహదారి వెంట జూబ్లీ బస్ స్టేషన్ చేరాము. మా వాడుండేది ఉప్పల్. ప్రక్కనే పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఉన్నది. 2017 నవంబరులో మొదలైన ఆ రైలంటే నాకు ముచ్చట. చల్లగా ఉంటుంది, వేళకు వస్తుంది, ప్రతి స్టేషను పేరు తెలుగులోనూ చెబుతారు. ఆ ఉచ్చారణలో తప్పులు వెదుక్కోవడం నాకు అదనపు వినోదం. కాని అందులో మహాలక్ష్మి చెల్లదు.

"ఎండలో సిటీ బస్సెందుకు? మెట్రోలో అయితే ఎంత సమయం మిగులుతుందో!" అన్నాను, జేబులో చెయ్యి పెడుతూ.

ఆమె నా చేతివంక చూసి నవ్వింది. "టైము మిగులుతది. అడుగుడు మిగులుతదా?"

నేను మెట్రోలో పోయాను. ఆమె సిటీ బస్సులో వచ్చింది. ఉప్పల్ స్టేషను మెట్ల క్రింద చాలాసేపు ఎదురుచూశాను. బస్సు దిగి చెమటతో, చెదిరిన జుట్టుతో, ప్రక్క సీటు ఆమె కూతురి పెళ్ళి సంగతులన్నీ మోసుకొని వచ్చింది. ఆమె ముఖంలోని తృప్తిని మా పెళ్ళయిన తొలి రోజులలో ఎప్పుడో చూసిన గుర్తు.

ఊరికి తిరిగి వచ్చాక పాత పద్దుల పుస్తకాలు దించి చూశాను. 1998లో మంథని ప్రయాణాలు రెండు. 2006లో ఒకటి. కరోనా వచ్చిన 2020లో అసలే లేవు. ఇక 2024లో? ఆ పుస్తకంలో ఆ పద్దే లేదు. ఆ ఏడాది ఆమె ఎన్నిసార్లు పోయిందో చెప్పే లెక్క నా చేతిలో లేదు. అలా లేకపోవడమే ఈ పథకం చేసిన మేలు అని నాకు అప్పుడు తోచింది. కొత్త బస్సులు ఎన్ని, ఎంత వేగం, ఎన్ని కిలోమీటర్లు అని కొలుస్తాము. ఎంతమంది అడగకుండా గడప దాటగలిగారన్నది ఏ అంకెతో కొలవగలము?

మొన్న పోపుల డబ్బా కోసం వెదుకుతుంటే, వంటింటి అరలో రబ్బరు బ్యాండు వేసిన ఒక చిన్న కట్ట దొరికింది. అన్నీ సున్నా టికెట్లే. పాతవాటిపై అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి.

"పైసా పెట్టని టికెట్లను దాచుకుంటారా ఎవరైనా?" అని అడిగాను.

ఆమె కట్ట అందుకొని మళ్ళీ అరలో పెట్టింది.

"పైసలు పెట్టినయి మీయి. మీ పుస్తకంల రాసుకున్నరు గద. ఇవి నాయి."

ఈ మాటలు వ్రాస్తుండగా వాకిట్లోంచి ఆమె గొంతు వినబడుతున్నది. "పోయొస్త" అంటున్నది. నిశ్చయార్థకం. ఎక్కడికని నేను అడగలేదు. చెప్పాలనుకుంటే వచ్చాక తానే చెబుతుంది.

స్వస్తి.