మొదటి రోజే మూడు బేరాలు

షార్క్ టాంక్ ఇండియా మొదటి ఎపిసోడ్ 2021 డిసెంబరు 20న సోనీలో వచ్చింది. అమెరికా షార్క్ టాంక్ (2009 నుంచి నడుస్తోంది) నేను చాలానే చూసేశాను, అంతకుముందు ట్రంప్ గారి అప్రెంటిస్ కూడా. ఇక హిందీ రియాలిటీ షో అంటే తెలిసిందేగా. కన్నీళ్ళు, స్లో మోషను, వెనకాల వయొలిన్లు. వయొలిన్లు ఉన్నాయి, లేవనను. కానీ లెక్కలు కూడా ఉన్నాయి. ప్రైమ్ టైమ్‌లో ఓ హిందీ ఛానెల్‌లో గ్రాస్ మార్జిన్ గురించి పది నిమిషాలు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఈ ఐడియా అసలు జపాన్ వాళ్ళది. 2001లో అక్కడ మొదలైంది, పేరుకి అర్థం డబ్బు పులులు. 2005లో ఇంగ్లండు వెళ్ళి డ్రాగన్లయ్యాయి, అమెరికా వెళ్ళి సొరచేపలయ్యాయి. మనవాళ్ళు సొరచేపల్నే తెచ్చుకున్నారు. మా ఏజెన్సీలో ఎవరినైనా అడిగుంటే ఎలుగుబంటి అని చెప్పేవాళ్ళు, బావుండేది :-)

సరే, మొదటి రోజు బేరాలు. ముందుగా ఫ్రోజెన్ మోమోలు చేసే బ్లూ పైన్ వాళ్ళు వచ్చారు. 5 శాతానికి 50 లక్షలు అడిగారు. అంటే మా కంపెనీ విలువ 10 కోట్లు అని చెప్పినట్టు. అష్నీర్ గ్రోవర్, అమన్ గుప్తా, వినీతా సింగ్ ముగ్గురూ కలిసి 75 లక్షలిచ్చి 16 శాతం తీసుకున్నారు. చూడ్డానికి అడిగినదానికన్నా పాతిక లక్షలు ఎక్కువిచ్చినట్టే ఉంటుంది. లెక్కేస్తే 10 కోట్ల కంపెనీ సుమారు 4 కోట్ల 70 లక్షలకి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత బూజ్ అని కరెంటు స్కూటర్ల కంపెనీ. 40 లక్షలకి 50 శాతం. సగం! ఇది చూసి నాకు నిజంగానే గుండె ఆగినంత పనైంది. 50 శాతం ఇచ్చాక అది మన కంపెనీయా, మనం ఉద్యోగం చేస్తున్న కంపెనీయా? రేపు ఇంకో రౌండు డబ్బు కావాలంటే ఆ మిగిలిన సగంలోంచి కూడా తరుగు పోతుంది. మూడోది హార్ట్ అప్ మై స్లీవ్స్, విడిగా తగిలించుకునే చేతులు అమ్మే అమ్మాయి. 10 శాతానికి 25 లక్షలు అడిగింది, అదే 25 లక్షలకి 30 శాతం ఇచ్చి వెళ్ళింది. రెండున్నర కోట్ల కంపెనీగా లోపలికొచ్చి, 83 లక్షల కంపెనీగా బయటికి. మధ్యలో కంపెనీలో ఏమీ మారలేదు, అదే సరుకు, అవే అమ్మకాలు.

ఇదంతా మోసం అనను. అడిగినంత విలువ కట్టడానికి ఆ అంకెలు సరిపోకపోవచ్చు కూడా. కానీ అది చూస్తుంటే నాకు సంత గుర్తొచ్చింది. సంతకి కొండమీంచి బరువు మోసుకొచ్చిన మనిషికి సాయంత్రమయ్యేసరికి ఒకటే భయం ఉంటుంది, దీన్ని మళ్ళీ మోసుకెళ్ళాలా అని. కొనేవాడికి ఆ భయం లేదు. బేరమంతా ఆ తేడామీదే నడుస్తుంది. దేశమంతా చూస్తుండగా ఖాళీ చేతుల్తో తిరిగి వెళ్ళాలా అన్న భయం ఆ కార్పెట్ మీద నిలబడ్డవాళ్ళ మొహంలో కూడా కనపడింది నాకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అప్పుడు నేను ఇంటినుంచి పని పుణ్యమా అని రంపచోడవరంలో మా అక్కావాళ్ళింట్లో ఉన్నాను. (అప్పటికి అది తూర్పు గోదావరి జిల్లానే.) మా బావకి అక్కడ కిరాణా కొట్టు. ఈ షో నాకన్నా బావకే ఎక్కువ ఎక్కేసింది. రెండోరోజు పొద్దున్నే కాఫీ గ్లాసుతో నా లాప్‌టాప్ పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఒరేయ్, జీడిపప్పు ఫ్యాక్టరీ పెడదాంరా. 5 శాతం నీకు. పది లక్షలు పెట్టు."

అంటే ఇంకా పుట్టని కంపెనీ విలువ 2 కోట్లు. ఒక్క ఎపిసోడ్‌కే!

నవ్వేసి ఊరుకునే ఐడియా మాత్రం కాదది. రంపచోడవరం చుట్టూ జీడిమామిడి తోటలు బోలెడు. ఎండాకాలంలో పిక్కలు ఏరుతారు, సంచుల్లో కొండ దిగిపోతాయి. ఒలిచి పప్పు చేసే పని పలాసలోనో, కోనసీమలో మోరిలోనో జరుగుతుంది. సుమారు నాలుగు కిలోల పిక్కలకి కిలో పప్పు వస్తుంది. ఆ పప్పుకి కూడా ఒక ధర అంటూ ఉండదు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడ్లు. అంకె చిన్నదైతే గింజ పెద్దదన్నమాట, పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క అది. గింజ విరిగిందా, బద్దల ధర, ముక్కల ధర. కాబట్టి వ్యాపారమంతా విరక్కుండా ఒలవడంలో ఉంది. ఆ పెంకులో ఉండే జీడి చేతికంటితే చర్మం కాలిపోతుంది. ఇవన్నీ బావకి తెలుసు, నాకన్నా బాగా తెలుసు.

నా ఇబ్బంది వేరే. టీవీలో ఆ ఆరేడుగురు ఎంత సుఖంగా "నేను ఔట్" అంటారో చూశారు కదా. అక్క మొగుడితో ఆ మాట ఎలా అంటాం? మన ఇళ్ళల్లో ఇలాంటి డబ్బుకి ఒకటే పేరు, చేబదులు. దానికి కాగితం ఉండదు, శాతం ఉండదు, ఎప్పుడు ఇస్తావన్న తారీకు ఉండదు. వ్యాపారం బాగుంటే అది సాయం, పోతే అది జీవితాంతం ఎవరూ ఎత్తని సంగతి. పెళ్ళిళ్ళలో కొంతమంది పక్కపక్కన కూర్చోకపోవడానికి వెనక ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. ఆ లెక్కన షార్క్‌లే నయం, నీ దగ్గర ఎంత, నాది ఎంత అని నలుగురిలో నోరు తెరిచి చెప్పుకుంటున్నారు. (అక్కడ చేతులు కలిపినంత మాత్రాన డబ్బు రాదు, తర్వాత ఖాతాలన్నీ తనిఖీ చేస్తారు, కొన్ని బేరాలు అక్కడే చచ్చిపోతాయి. అది వేరే సంగతి.)

అందుకని వాళ్ళు అడిగిన ప్రశ్నలే బావని అడిగాను. ఫ్యాక్టరీ ఎక్కడ పెడతావు? ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, 1970 చట్టం, అక్కడ చిన్నపిల్లల్ని అడిగినా "వన్ ఆఫ్ సెవంటీ" అంటారు. ఊరికే పెట్టిన చట్టం కాదది, అది లేకపోతే ఆ కొండలు ఈపాటికి ఎవరి పేరున ఉండేవో తెలిసిందే. కొండ దిగి మైదానంలో పెడితే మరి మా ఊరి జీడిపప్పు అని ఎలా అమ్ముతావు? ఒలిచేవాళ్ళకి రోజుకెంత? బావ క్యాలెండరు వెనక రాస్తూ పోయాడు. బానే ఉన్నాయి అంకెలు.

అక్క అప్పటిదాకా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ టీవీ వైపు కూడా చూడలేదు. తల ఎత్తకుండానే అడిగింది: "మీ బావామరుదులకి శాతాలు సరే. మన ఖాతా పుస్తకంలో ఉన్నవాళ్ళకి ఎంత శాతం?"

ఇద్దరం కిక్కురుమనలేదు. ఖాతా పుస్తకం సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. పంటకి ముందు అరువు, పంట రాగానే సరుకు అప్పిచ్చినవాడికే, అతను చెప్పిన ధరకే. ఏజెన్సీలో ఇది తాతల కాలంనుంచీ ఉన్న పెట్టుబడి పద్ధతి. సరిగ్గా దీన్ని తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. బావ ఇచ్చేది బియ్యం, నూనె, సబ్బుల అరువే, పిక్కలు నాకే అమ్మాలని ఎవరినీ పట్టుబట్టడు. కానీ ఫ్యాక్టరీ పెట్టాక? సరుకు చాలకపోతే చేతిలో ఉన్నది ఆ పుస్తకమేగా. షార్క్ టాంక్‌లో ఎంత వెతికినా ఈ ప్రశ్న లేదు. డబ్బు పెట్టినవాడికి శాతం, ఐడియా పెట్టినవాడికి శాతం. పిక్క పండించినవాడికి కిలో లెక్క. అరకు కాఫీలో రైతులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడ్డారు, ఆ కాఫీ 2017లో పారిస్‌లో కొట్టు పెట్టేదాకా వెళ్ళింది. అంటే చెయ్యలేని పనేం కాదు. టీవీలో చూపించడానికి అంత హుషారుగా ఉండదు, అంతే.

2022 ఎండాకాలంలో బావ నలభై కిలోల పిక్కలతో ఇంట్లోనే ట్రయల్ వేశాడు. సంతలో అందరిలాగే డబ్బిచ్చి కొన్నవి. పప్పు తొమ్మిది కిలోలొచ్చింది, అందులో సగానికిపైగా ముక్కలు. అక్క వేళ్ళు మూడు రోజులు మండాయి, నూనె రాసుకుని ఒలిచినా సరే. ముక్కలు మాత్రం స్వీటు షాపువాడు సంతోషంగా తీసుకున్నాడు. 2023లో ఆహాలో "నేను సూపర్ ఉమన్" అని ఆడవాళ్ళ వ్యాపారాలకి తెలుగులో ఇలాంటి షోనే వచ్చినప్పుడు బావ అక్కని వెళ్ళమని ఆటపట్టించాడు. "నా వేళ్ళకి ఎంత శాతమో ముందు నువ్వు చెప్పు" అంది.

పది లక్షలు ఇంకా నా ఖాతాలోనే ఉన్నాయి. నేను ఔట్ అనలేదు, బావా మళ్ళీ అడగలేదు, కానీ కాగితం ఒకటి తయారైంది. నా పేరు, బావ పేరు, ఒలిచే పని చూసుకునే అక్క పేరు, ఎదురుగా శాతాలు. కిందనే పిక్కలు పోసే రైతుల కోసం ఇంకో గడి. దాన్ని సంఘానికి రాయాలా, ఒక్కొక్కరికీ విడిగా రాయాలా అన్నది తేలక అక్కడే ఆగాం. ముగ్గురం ఎవరి అంకెలోంచి ఎంత తగ్గించుకుంటే ఆ గడి నిండుతుందో కూడా ఇంకా తేలలేదు.